పాలబిల్లు చదువులు

తిరుపతిలో ఈమధ్య ఏ పెళ్లికి పోయినా ఒక మాట వినిపిస్తోంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవు పెట్టి వచ్చిన బిడ్డల్ని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడి బడుల్లో మనవళ్లూ మనవరాళ్లూ ఎంత ముందున్నారో చెప్పుకుంటారు పెద్దవాళ్లు. చివరికి "చదువు మన రక్తంలోనే ఉందమ్మా" అని ముగిస్తారు. ఆ సంతోషం నాకు తెలియనిది కాదు. నా కూతురు ఉండేది అక్కడే, మనవడు చదివేది అక్కడి బడిలోనే. వాడికి మంచి మార్కులు వస్తే నేనూ నలుగురికి చెప్పుకుంటాను. అయితే ఉద్యోగమంతా చిత్తూరు జిల్లా ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చరిత్ర పాఠం చెప్పిన దాన్ని గనుక, ఈ రక్తం మాట వింటే ఊరుకోలేను. ఆ మాట మన చదువుల వెనక ఉన్న మనుషులను మరిపిస్తుంది. చదువుకు దూరమైన వాళ్ల రక్తంలో ఏదో లోటు ఉందని చెప్పకనే చెబుతుంది. ఈ రెండూ అన్యాయాలే.

మన పిల్లల గెలుపులు కళ్లముందే ఉన్నాయి. అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో భారతీయ మూలాలున్న బాలు నటరాజన్ 1985లో గెలిచాడు. 1999లో నూపుర్ లాలా గెలిచాక ఆ కిరీటం మన పిల్లల ఇళ్ల చుట్టే తిరుగుతోంది. 2024లో తెలంగాణ మూలాలున్న బృహత్ సోమ తొంభై సెకన్లలో 29 మాటలకు తప్పు లేకుండా వర్ణక్రమం చెప్పి గెలిచాడు. ఇవన్నీ చూసినవాళ్లకు రక్తం మాట నిజమేననిపించడం సహజం. అందుకే ఈ ఇష్టం ఎక్కడ పుట్టింది, ఏ దారిన సముద్రం దాటింది, అక్కడ ఏ రూపం తీసుకుంది అన్నది ఓపిగ్గా చూడాలి.

మా సీమలో చదువు మీద ఇంత ఆశ ఎందుకో మా ఊరి పొలాల్లో నిలబడితే తెలుస్తుంది. పాకాల దగ్గర పల్లె మాది. వాన కురిస్తే చెనిక్కాయ, చెరువు నిండితే వరి, బావిలో నీళ్లుంటే చెరకు. మూడూ ఒకే ఏడు కలిసొచ్చిన సందర్భాలను మా నాయన వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. బావులు ఎండిపోతే బోర్లు వచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని పొలాలున్నాయి. బెంగుళూరు, మద్రాసు దగ్గరే గానీ, చేతిలో చదువు లేకుండా అక్కడికి పోయినవాడికి దొరికేది హోటల్లో ఎంగిలి ప్లేట్లు తీసే పనో, ఇళ్లు కట్టేచోట మట్టి మోసే పనో.

ఊళ్లోకి పాలకేంద్రం వచ్చాక మా ఇంటి బతుకు కాస్త నిలదొక్కుకుంది. పదిహేను రోజులకొకసారి పాలబిల్లు మాయమ్మ చేతికి వచ్చేది. తవుడుకు, చెక్కకు పోగా మిగిలింది నా హాస్టల్ మెస్సుకు, తమ్ముడి ఫీజుకు. ఇంట్లో రెండు పాడి ఆవులున్నా మా కంచాల్లో పెరుగు కనిపించిన రోజులు తక్కువ. మాయమ్మకు సంతకం రాదు, పాలబిల్లు మీద వేలిముద్రే. ఆమె నాకు చెప్పిన మాట ఒకటే: "నేలను నమ్మేదానికి లేదమ్మీ. వానొచ్చినా రాకపోయినా సదువు నీతోనే ఉంటాది." వేదాల మీద, శాస్త్రాల మీద తరతరాల భక్తి ఏదో ఆమె చేత ఆ మాట అనిపించలేదు. కరువు చూసిన మనిషి వేసుకున్న లెక్క అది. చిత్తూరు జిల్లాలో ఇట్లా పాలబిల్లుతో డిగ్రీలు పూర్తిచేసిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అమెరికాలో ఈరోజు మన పిల్లలు చదువును అంత గట్టిగా పట్టుకుంటున్నారంటే, ఆ పట్టుకు మొదలు ఈ పల్లెల్లోని కరువు.

అయితే ఆశ ఒక్కటే మనిషిని చదివించదు. నడిచిపోయేంత దూరంలో బడి ఉండాలి, కట్టగలిగిన ఫీజు ఉండాలి, ఉండటానికి హాస్టల్ ఉండాలి. ఈ మూడూ మన పక్కకు ఎట్లా వచ్చాయి? సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎనిమిదేళ్ల వయసులో తిరుపతికి వచ్చి చదివింది జర్మన్ లూథరన్ మిషన్ వాళ్ల బడిలో. తర్వాత ఆయన వేలూరులో చేరిన వూరీస్ కాలేజీని నడిపింది అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ వాళ్లు. మనం అమెరికాకు చదువుకోను పోవడానికి ఎన్నో ఏళ్ల ముందే అమెరికా చర్చిల్లో సాదాసీదా జనం వేసిన చందా మన పిల్లల చదువుకు చేరిందన్నమాట. మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు 1915లో అనిబిసెంట్ పేరున కాలేజీ పెట్టారు. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివొచ్చి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ చాన్సలర్ అయ్యాడు. తిరుమల దేవస్థానం అండతో తిరుపతిలో 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల, 1952లో ఆడపిల్లలకు పద్మావతి కళాశాల వచ్చాయి. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1959లో దాని ఇంజనీరింగ్ కాలేజీ, 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ, 1983లో మహిళా విశ్వవిద్యాలయం.

నేను చదివింది ఆ పద్మావతి కళాశాలలోనే. ఏ ఊరి నుంచో కాలినడకన కొండెక్కిన ముసలామె ముడుపు విప్పి హుండీలో వేసిన రూపాయి ఎక్కడికి చేరిందని ఎవరైనా అడిగితే, నా బోటి ఆడపిల్లల చదువుకూ చేరిందని నేను సాక్ష్యం చెప్పగలను. మా ఊరి దళితవాడ నుంచి నాతోపాటు హైస్కూలు చదివిన స్నేహితురాలికి ఆవులూ లేవు, పాలబిల్లూ లేదు. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టలే ఆమెకు తల్లీ తండ్రీ. టీచరుగా రిటైరైన ఆమె కొడుకు ఇప్పుడు ఒహాయోలో ఉన్నాడు. ఆమె వంశంలో ఆమెకు ముందు ఎవరూ బడి గడప తొక్కలేదు. ఇష్టం ఆ వంశంలో ముందునుంచీ ఉంది. తలుపు మాత్రం ఆమె కాలానికి గానీ తెరుచుకోలేదు.

ఇక సముద్రం దాటిన కథ. అమెరికా 1917లో చేసిన చట్టం ఆసియా నుంచి వలసలను దాదాపుగా మూసేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1923లో ఆ కోర్టు, నువ్వు తెల్లవాడివి కావు గనుక పౌరసత్వం లేదంది. మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో చదువుకోవడానికి బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేసుకుంటూ రోజులు గడిపింది ఆ కాలంలోనే. 1946లో తలుపు కొద్దిగా తెరిచి, భారతదేశమంతటికీ ఏడాదికి 100 మందికి చోటిచ్చారు. 1965లో వచ్చిన వలస చట్టం ఈ జాతి కొలతలను తీసేసింది. డాక్టర్లకు, ఇంజనీర్లకు, శాస్త్రవేత్తలకు ప్రాధాన్యం ఇచ్చింది. 1990లో వచ్చిన చట్టంతో హెచ్-1బి వీసా మొదలైంది. ఈరోజు ఆ వీసాల్లో నూటికి డెబ్బైకి పైగా భారతీయులవే.

ఈ వరుసలో ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. 1965 చట్టం ఊరికే రాలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం తెచ్చిన అదే గాలి వలస చట్టాన్నీ మార్చింది. అలబామాలో, మిసిసిపీలో నల్లజాతివాళ్లు లాఠీదెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని, జైళ్లకు పోయి, ప్రాణాలిచ్చి నడిపిన ఉద్యమం మనుషుల్ని జాతినిబట్టి కొలవడం సిగ్గుచేటని ఆ దేశం చేత ఒప్పించింది. అట్లా తెరుచుకున్న తలుపులోంచే మన డాక్టర్లు, ఇంజనీర్లు లోపలికి నడిచారు. తలుపు తెరవడానికి మనం చెయ్యి వేసింది లేదు.

ఆ తలుపు దగ్గర ఒక జల్లెడ కూడా పెట్టారు. మన ఊళ్లలో చదువు దొరికినవాళ్లు కొందరు, వాళ్లలో ఇంజనీరింగో మెడిసినో దాకా పోయినవాళ్లు ఇంకా కొందరు, వాళ్లలో టికెట్టుకు అప్పు పుట్టినవాళ్లు, చివరికి వీసా దొరికినవాళ్లు. ఇన్నిసార్లు జల్లించాక మిగిలినవాళ్లే అమెరికాలో దిగారు. అందుకే అక్కడున్న వయోజన భారతీయుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి డిగ్రీ ఉంది. ఆ దేశపు సగటు మూడో వంతును కొద్దిగా దాటుతుంది. మన దేశంలో మొత్తం జనంలో డిగ్రీ ఉన్నవాళ్ల వంతు ఇంకా ఎంతో తక్కువ. జెన్నిఫర్ లీ, మిన్ జౌ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2015లో వెలువడ్డ తమ పుస్తకంలో లాస్ ఏంజెలెస్‌లోని చైనా, వియత్నాం కుటుంబాలను దగ్గరగా చూసి ఇదే సంగతి చెప్పారు. వలస వచ్చినవాళ్లే బాగా చదువుకున్నవాళ్లయితే, వాళ్ల అలవాట్లు, పరిచయాలు, ట్యూషన్లు, వాళ్ల మీద టీచర్లకు ముందే ఏర్పడ్డ మంచి అభిప్రాయం, అన్నీ కలిసి పిల్లల్ని ముందుకు తోస్తాయి. బయటినుంచి చూసేవాళ్లు దాన్ని జాతి గుణం అనుకుంటారు.

రక్తం మాటకు మన జిల్లా చరిత్రే జవాబు చెబుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు ఈ ప్రాంతం చాలావరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయిన దక్షిణాదివాళ్లలో చాలామంది ఆ ఉత్తర ఆర్కాటు వాళ్లు. తెలుగువాళ్లూ తమిళులూ కలిసి ఒకే ఓడల్లో పోయారు. కరువు ఇద్దరిదీ ఒకటే. నేలా ఒకటే. డిగ్రీతో విమానమెక్కినవాడి కొడుకు అమెరికాలో పెద్ద చదువులకు నడిచిపోయాడు. వేలిముద్రతో ఓడెక్కినవాడి కొడుకు చెరకు తోటలో పెరిగాడు, వాడికి బడి దొరకడమే కష్టమైంది. ఫిజీలో సాధు కుప్పుస్వామి 1926లో స్థాపించిన సంగం, దక్షిణాది కూలీల పిల్లల కోసం ఒక్కొక్క బడే కట్టుకుంటూ వచ్చింది. ఆ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి, అన్ని జాతుల పిల్లలూ వాటిలో చదువుతున్నారు. ఒకే నేల మనుషులు రెండు దారుల్లో పోతే చదువులు రెండు రకాలయ్యాయి. వాళ్లు ఏ దారిన పోయారన్నదే ఈ తేడా తెచ్చింది.

ఇప్పుడు అమెరికాలోని తక్కినవాళ్ల వైపు చూద్దాం. "వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అని నల్లజాతి కుటుంబాల గురించి మనవాళ్లు అనడం అక్కడ ఉన్నప్పుడు నా చెవులతో విన్నాను. ఆ మాటన్నవాళ్లకు నేను ఆ దేశపు చరిత్రే చెప్పాను. 1740లోనే దక్షిణ కరోలినాలో బానిసలకు రాత నేర్పడం నేరమని చట్టం చేశారు. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు యజమానురాలి దగ్గర అక్షరాలు మొదలుపెడితే యజమాని ఆపించాడు. వీధిలో తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి వాళ్ల దగ్గర మిగతావి నేర్చుకున్నాడు. బానిసత్వం పోయాక, దక్షిణాది రాష్ట్రాలు నల్లపిల్లలకు సరైన బడులు కట్టకపోతే, జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి సాయంతో 1932 నాటికి దాదాపు 5000 బడులు లేచాయి. వాటికి రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికన్నా ఆ పల్లెల్లోని నల్లజాతి కూలీలు, కౌలురైతులు వేసుకున్న చందాలే ఎక్కువ. పత్తి ఏరిన చేతులతో పైసలు కూడబెట్టి బడి కట్టుకున్నవాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదంటే, పాలు పిండిన చేతులతో ఫీజులు కట్టిన మాయమ్మకూ లేనట్టే.

మన పిల్లలు గెలుస్తున్న ఆ స్పెల్లింగ్ బీలోనే 1936లో జరిగింది కూడా మన ఇళ్లలో చెప్పుకోవాలి. ఒహాయో రాష్ట్రం ఏక్రన్ నుంచి మాక్నోలియా కాక్స్ అనే పదమూడేళ్ల నల్లజాతి అమ్మాయి జాతీయ పోటీకి వాషింగ్టన్ వచ్చింది. దారిలో రైల్లో నల్లవాళ్ల పెట్టెలోకి మారమన్నారు. తక్కిన పిల్లలు దిగిన హోటల్లో ఆమెను ఉండనివ్వలేదు. విందులో వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అయినా చివరి ఐదుగురిలో నిలబడింది. అప్పుడు పోటీ జాబితాలో లేని 'నెమెసిస్' అనే మాట ఇచ్చారు. ఆమె టీచరు అభ్యంతరం చెప్పినా లెక్కచేయలేదు. ఆ అమ్మాయి తర్వాత కాలేజీ చదువుకు పోలేకపోయింది, ఇళ్లలో పనిచేసి బతికింది. అదే పోటీలో 2021లో జైలా అవంత్-గార్డ్ గెలిచి, అమెరికా నల్లజాతి పిల్లల్లో మొదటి విజేత అయింది. ఈ రెంటి మధ్య ఎనభై ఐదేళ్లు గడిచాయి. అన్నేళ్లూ ఆ ఇళ్లలో చదువు మీద ఇష్టం ఉంది. చదివినదానికి ఫలం దక్కుతుందన్న నమ్మకాన్నే ఆ దేశం వాళ్లకు ఇవ్వలేదు.

అక్కడి ఆదివాసుల అనుభవం ఇంకో రకం. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం బోర్డింగ్ బడి తెరిచింది. పిల్లల్ని తల్లుల నుంచి దూరంగా తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. అట్లాంటి బడులు దేశమంతా పెట్టారు. ఎందరో పిల్లలు ఆ బడుల్లోనే చనిపోయి అక్కడే మట్టిలో కలిశారు. 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ఆ అన్యాయానికి క్షమాపణ చెప్పాడు. బడి తమ బిడ్డను ఎత్తుకుపోయిన చోటు అయినప్పుడు, ఆ ఇంటి మనవడు బడి గేటు ముందు తటపటాయిస్తే తప్పు వాడిది ఎట్లా అవుతుంది?

నైజీరియాలో పుట్టి కాలిఫోర్నియాలో బోధించిన జాన్ ఓగ్బు ఈ తేడాకు ఒక వివరణ ఇచ్చాడు. తమ ఇష్టంతో వలస వచ్చిన మైనారిటీలు, బలవంతంగా మైనారిటీలు అయినవాళ్లు, ఇద్దరూ బడిని ఒకే కంటితో చూడరన్నాడు. మొదటివాళ్లు వదిలొచ్చిన ఊరితో పోల్చుకుని 'ఇక్కడ నయం' అనుకుంటారు. రెండోవాళ్లు తమ ఎదుటే పైకి పోయిన తెల్లవాళ్లతో పోల్చుకుని 'మాకెందుకు దక్కలేదు' అనుకుంటారు. నల్లపిల్లలు చదువును తెల్లవాళ్ల వ్యవహారంగా చూస్తారన్నట్టు ఆయన అన్నదాన్ని తర్వాతి పరిశోధకులు చాలామంది ఒప్పుకోలేదు, నాకూ అది సరిగా తోచదు. మొదటి తేడా మాత్రం మన జిల్లాలోనూ కనిపిస్తుంది. శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు చెరువుగట్ల మీద గుడిసెలు వేసుకుని బతికిన యానాదుల పిల్లలు బడి మధ్యలో మానేస్తే, "వీళ్లకు చదువు అబ్బదు" అనేస్తాం. వాళ్ల తాతలను ఊరి కచేరీ, పోలీసు స్టేషను, బడి ఏ చూపు చూశాయో అడగం. నా క్లాసులో ఇంటర్ దాకా వచ్చిన యానాది పిల్ల ఒకతె, ఏడాది చివర్లో నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నన్ను పేరుతో పిలిచింది మీరే" అంది. తనను పేరు పెట్టి పిలిచే చోటికే పిల్ల రోజూ వస్తుంది.

ఇంకో రుణం గురించి కూడా చెప్పాలి. మన ఊళ్ల నుంచి ఎమ్మెస్ చదవను పోయే పిల్లలు ఎక్కువగా చేరేది అమెరికా రాష్ట్రాల పబ్లిక్ యూనివర్సిటీల్లో. వాటిలో చాలావాటికి బలం 1862 నాటి మోరిల్ చట్టం ఇచ్చింది. ఆ చట్టం కింద కాలేజీలకు పంచిన కోటి ఎకరాలకు పైగా భూమి దాదాపు 250 ఆదివాసీ తెగల నుంచి లాక్కున్నదేనని 2020లో అక్కడి పత్రిక ఒకటి లెక్కలతో బయటపెట్టింది. చిత్తూరు దగ్గర పేటమిట్టలో పుట్టి మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదివిన గల్లా రామచంద్రనాయుడు వెనక్కి వచ్చి 1985లో తిరుపతి పక్క కరకంబాడిలో అమరరాజా పరిశ్రమ పెట్టాడు. వేలమందికి పని దొరికింది. అటువంటి యూనివర్సిటీ మెట్ల కింద ఎవరి నేల ఉందో మన పిల్లలకు చెప్పడం వాళ్లను చిన్నబుచ్చడం కాదు. వాళ్లు నిలబడ్డ చోటు వాళ్లకు తెలియాలి.

ఇంతవరకు చెప్పినది మనకు దక్కినదాని గురించి. మనం పిల్లలకు ఇస్తున్నదాని గురించి ఇప్పుడు చెప్పాలి. కూతురి ఇంట్లో ఒక సాయంత్రం మనవడు నా ఒళ్లో తలపెట్టుకుని, "అమ్మమ్మా, నాకు బి గ్రేడు వస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. నా చిన్నప్పుడు తప్పితే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. హాస్టల్ నుంచి ఇంటికి, పేడకళ్ల దగ్గరికి, ఆపైన ఎవరో ఒకరితో పెళ్లికి. వాడికి అట్లాంటిదేమీ జరగదు. కడుపు నిండా తిండి, ఇంటినిండా పుస్తకాలు, ఊరినిండా బడులు ఉన్నాయి. అయినా వాడి గొంతులో ఉన్నది మా ఊరి కరువు భయమే. కరువు ఇక్కడే ఉండిపోయింది, భయం మాత్రం సముద్రం దాటి వాడి దాకా వచ్చింది.

దీన్ని కూతురి తప్పుగా నేను చూడను. "అమ్మా, ఇక్కడ మనకు భూమి లేదు, చుట్టాల్లేరు, చదువు తప్పితే వెనక ఏముంది?" అంది. ఆ మాటలో నిజం ఉంది. దేశానికి ఇంత అని పరిమితి పెట్టినందువల్ల భారతీయులు గ్రీన్ కార్డు కోసం దశాబ్దాలు ఎదురుచూస్తున్నారు. ఆ లోపల పిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోతుంది. పెరిగిన దేశంలోనే పరాయివాడయ్యే పిల్లవాడి తల్లికి భయం లేకుండా ఎట్లా ఉంటుంది? అయినా ఆ భయం ఎంత దూరం పోతోందో చూసుకోవాలి. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ పక్కన వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో బడుల్లో ఆసియా కుటుంబాల పిల్లలే ఎక్కువ. 2015లో ఆ బడుల సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్, పిల్లలు ఒత్తిడితో మానసికంగా కుంగిపోతున్నారని తల్లిదండ్రులకు 16 పేజీల లేఖ రాశాడు. కొన్ని రాత్రులు హోంవర్కు లేకుండా చేశాడు, పెద్ద పరీక్షలు కొన్ని తీసేశాడు. తెల్లజాతి తల్లిదండ్రులు చాలామంది మెచ్చుకుంటే, ఆసియా తల్లిదండ్రులు చాలామంది చదువు స్థాయి తగ్గిస్తున్నారని ఎదురు తిరిగారు. రెండు పక్షాలూ పిల్లల మేలు కోరినవే. కాకపోతే ఒకరు పిల్లవాడి ముఖం చూశారు, ఇంకొకరు పిల్లవాడి వెనకున్న తమ పాత రోజులను చూశారు.

ఈ విషయంలో మనకన్నా ఎంతో ముందే మాట్లాడినవాడు మన మదనపల్లె మనిషే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టాడు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడికి ఆయనే మూలం. జీవితంలో చాలా భాగం గడిపిన కాలిఫోర్నియాలోని ఒహైలో 1975లో ఓక్ గ్రోవ్ బడి పెట్టించాడు. ఒక పిల్లవాణ్ణి ఇంకొకడితో పోల్చిన క్షణంలోనే వాడి తెలివికి దెబ్బ తగులుతుందనీ, భయం ఉన్నచోట నేర్చుకోవడం ఉండదనీ బతుకంతా చెప్పాడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమెరికాకు డాక్టర్లనూ ఇంజనీర్లనూ ఇచ్చింది, ఈ ఆలోచననూ ఇచ్చింది. మొదటిదాన్ని ఫొటో కట్టి గోడకు తగిలించాం, రెండోదాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఇక్కడ తిరుపతిలోనూ ఇంటర్ పిల్లల్ని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా హాస్టల్ గదుల్లో కుదేసి ర్యాంకులు పిండుతున్నాం. కరువు నుంచి తప్పించుకోవడానికి మొదలుపెట్టిన చదువు, బిడ్డకు కొత్త కరువు కాకూడదు.

మరి వారసత్వంగా పిల్లలకు ఏమివ్వాలి? కృతజ్ఞత ఇవ్వాలి. దాన్ని చేతల్లో చూపిన దారీ ఉంది. అమెరికాలో స్థిరపడ్డ చిట్టూరి రత్నం 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ మొదలుపెట్టాడు. స్పెల్లింగ్ బీ పోటీలకు మన పిల్లలు ఎందరో తయారయ్యేది ఆ సంస్థ పెట్టే పోటీల్లోనే. ఆ పోటీల మీద వచ్చే డబ్బు భారతదేశంలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు పోతుంది. అక్కడ ఒక పిల్లవాడు మాట నేర్చుకుంటే ఇక్కడ ఇంకో పిల్లవాడికి ఫీజు అందుతుంది. పాలబిల్లు నుంచి ఫీజు కట్టిన తల్లికి సరైన వారసులు వీళ్లే.

అమెరికాలో ఉన్న మా బిడ్డలకు, వాళ్లను చూసి గర్వపడే ఇక్కడి తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. పిల్లలకు మీ ర్యాంకుల కథ చెప్పేముందు మీ ఫీజు ఎవరు కట్టారో చెప్పండి. ఆవులు మేపిన అవ్వ, హుండీలో రూపాయి వేసిన యాత్రికుడు, సంక్షేమ హాస్టల్ వార్డెన్, అలబామాలో సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్న నల్లజాతి మనిషి, నేల పోగొట్టుకున్న ఆదివాసి, వీళ్లందరి పేర్లూ మీ ఇంటి చదువుల లెక్కలో రాయండి. బడిలో పక్క బెంచీ మీద కూర్చున్న నల్లపిల్లను, మెక్సికో పిల్లవాణ్ణి తక్కువగా చూసే మాట ఇంట్లో ఎవరన్నా అక్కడే ఆపండి. బి గ్రేడు తెచ్చిన బిడ్డకు ఆ రాత్రి ఇంట్లో నవ్వుతూ అన్నం పెట్టండి. సంవత్సరానికొక్కసారి, మీరు చదివిన ఊరి ప్రభుత్వ బడికి ఒక పిల్ల ఫీజుకు సరిపడా పంపండి. చదువు మన రక్తంలో లేదు. ఎందరో పెట్టిన పెట్టుబడి అది, దాన్ని తిరిగి కట్టవలసిన వంతు ఇప్పుడు మనది.